బోరుగుంత చుట్టూ మూగితే ఏం లాభం?

2017 ఆగస్టు 15న, జెండా పండగనాడే, మన వినుకొండ మండలం ఉమ్మడివరంలో రెండేళ్ల బాబు మూతలేని బోరుగుంతలో పడ్డాడు. ఎన్.డి.ఆర్.ఎఫ్. వాళ్లు వచ్చి అర్ధరాత్రి దాటాక ప్రాణాలతో బయటికి తీశారు. దేవుడి దయ అంటారు. కాదనను. కానీ పనితనం కూడా ఉంది.

గొట్టంతో ఆక్సిజన్ లోపలికి పంపారు. బోరు పక్కనే జేసీబీలతో ఇంకో గుంత తవ్వారు. దాన్ని సమాంతర గుంత అంటారు. పిల్లవాడున్న లోతు దాకా తవ్వి, అక్కణ్ణించి అడ్డంగా దారి చేస్తారు. అట్లాకాక బోరునే వెడల్పు చేద్దామని పార వేస్తే మట్టంతా వాడి మీదే పడుద్ది! తాడు వేస్తే పసివాడు పట్టుకోలేడు. జనం అంచుకు ఎగబడినా మట్టి జారుద్ది.

వచ్చినవాళ్లకు ముందు తెలియాల్సింది ఏమిటి? బోరు ఎన్ని అంగుళాలు, ఎన్ని అడుగులు, కేసింగు పైపు ఎందాకా దించారు. మన తండాల్లో, గూడేల్లో ఇది ఠక్కున చెప్పేవాళ్లు ఎంతమంది? పరీక్షకు పిప్పెట్టు, బ్యూరెట్టు బట్టీ పడతాం, మన చేలో కేసింగు సంగతి తెలీదు!

వదిలేసిన బోరును అడుగునుంచి నేలమట్టం దాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మనోళ్లు గోనెసంచి కప్పి రాయి పెడతారు, అదే మూత. సంక్రాంతి సెలవుల్లో ఎవరి ఊరి పాడుబోర్ల లెక్క వాళ్లు రాసుకురావాలని నా అభిప్రాయం. గుంత దగ్గరికి పోకుండా పెద్దోళ్లనే అడగండి. వార్డెన్ గారు ఒప్పుకుంటే ఆ జాబితాలు పంచాయతీలకు పంపుదాం.