ఈ రాత్రికి సరిపోయే రిపేరు

చక్రాల మీద ఇల్లు మనవాళ్లకి మరీ కొత్తేం కాదు. 1982లో ఎన్టీఆర్ పాత షెవ్రొలే వ్యానుని చైతన్యరథంగా మార్చుకుని ఊరూరా తిరిగారు, స్టీరింగ్ పట్టింది హరికృష్ణ. ఇప్పుడు ఆ పని మన ఫ్రెండ్స్ చేస్తున్నారు. సెకండ్ హ్యాండ్ వ్యాను, ప్లైవుడ్ మంచం, చిన్న ఫ్రిజ్, ఫ్యాను, అదనంగా ఓ బ్యాటరీ. రీల్స్‌లో భలే ఉంటుంది. రీల్‌లో కనబడనివి ఆ ప్లైవుడ్ వెనకాల ఉండే వైర్లు.

మా బావ వ్యాను కూడా అలాంటిదే. మొన్న మేలో అమ్మమ్మని ఎక్కించుకుని ఉంగుటూరు వచ్చాం. తాడేపల్లిగూడెం దారిలో ఉండే ఉంగుటూరు కాదండోయ్, గన్నవరం దగ్గరది, నూజివీడు మామిడి తోటల వైపున్నది. రసాలు కోతకొచ్చిన టైమ్. తెలిసినవాళ్ల తోటలో బండి ఆపామో లేదో, గాలివాన. కాయలు టపటపా రాలాయి. దారికడ్డంగా పెద్ద కొమ్మ పడింది. ఊళ్లో కరెంటు పోయింది. కాసేపటికి వ్యానులో లైట్లు, ఫ్యాను, ఫ్రిజ్ మూడూ ఒకేసారి ఆగిపోయాయి. ఇంజిన్ స్టార్ట్ అవుతోంది గానీ వెనకంతా చీకటి. ఫ్రిజ్‌లో అమ్మమ్మ ఇన్సులిన్ ఉంది.

చూస్తే ఫ్యూజు పోయింది. నీలం రంగుది, అంటే 15 ఆంపియర్లు. బావ మ్యూజిక్ సిస్టమ్‌కున్న నీలం ఫ్యూజు పీకి అక్కడ పెట్టాడు. పెట్టగానే అదీ టప్పుమంది. ఇక బండి మొత్తానికి మిగిలింది ఒక్కటే, చార్జింగ్ సాకెట్‌ది. బావ చాక్లెట్ మీది వెండి కాగితం తీశాడు.

"చుట్టి పెట్టేద్దాం. ఒక్క రాత్రే కదా!"

తోట కాపలా బాబాయ్ టార్చి వేసి చూశాడు. "కాలడానికి ఒక్క రాత్రి చాలదా అబ్బాయ్? మా బోరు మోటారుకి ఫ్యూజు బదులు లావు తీగ చుట్టాం. ఆ ఏడే వైండింగ్ మాడిపోయింది."

ఇక్కడ ఒక్క విషయం అర్థం చేసుకోవాలి. ఫ్యూజు ఉన్నది ముఖ్యంగా వైరు కోసం. వైరు ఎంత కరెంటు మోయగలదో అంతకు మించితే తాను కాలిపోయి వైరుని కాపాడుతుంది. దాని బదులు వెండి కాగితం పెడితే కరెంటు ఆగదు, వైరు ఎర్రగా కాలుతుంది. ఆ వైరు పక్కన ప్లైవుడ్, పైన ఫోమ్ పరుపు, దానిమీద నిద్రపోతున్న అమ్మమ్మ.

అందుకే ముందు ఇన్సులిన్ సంగతి చూశాం. దానికి కరెంటుతో పనేం లేదు. బాబాయ్ పెద్ద మట్టికుండలో తడి ఇసక పోసి, మధ్యలో చిన్న కుండ దించాడు. ఇన్సులిన్‌ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అందులో ఉంచి, పైన తడిగుడ్డ కప్పాం. ఫ్రిజ్ అంత చల్లగా ఉండదు, కానీ ఒక రాత్రి గట్టెక్కొచ్చు. ఇక తొందర లేదు. తొందర లేకపోతే వెండి కాగితం అవసరమూ లేదు.

తర్వాత తప్పు ఎక్కడుందో వెతికాం. బాబాయ్ ట్రాక్టర్ ఇండికేటర్ బల్బు తెచ్చాడు, 12 వోల్టులు, 21 వాట్లు. దాన్ని రెండు వైరు ముక్కలతో ఫ్యూజు ఉండే చోట కలిపాం. లెక్క సింపుల్: 21ని 12తో భాగిస్తే 1.75. అంటే ఎక్కడ షార్ట్ ఉన్నా రెండు ఆంపియర్లు కూడా దాటవు. స్విచ్‌లన్నీ ఆపినా బల్బు ఫుల్లుగా వెలిగింది. అంటే షార్ట్ ఉన్నట్టే. ఒక్కో వైరూ విడదీస్తూ పోయాం. ఫ్రిజ్ తీశాం, వెలుగుతోంది. లైట్లు తీశాం, వెలుగుతోంది. ఫ్యాను వైరు తీయగానే ఆరిపోయింది. రేకు అంచుకి రాసుకుని రాసుకుని దాని తొడుగు చిరిగిపోయింది.

బ్యాటరీ నెగెటివ్ తీసి, ఫ్యాను వైరు కొసలకి టేప్ చుట్టి పక్కన పెట్టేశాం. మిగతావి కలిపి, ఆ ఒక్క నీలం ఫ్యూజు పెట్టాం. ఫ్రిజ్ గుర్రుమంది. ఫ్యాను లేదు కాబట్టి మేమిద్దరం బయట నవారు మంచాల మీద దోమలకి విందయ్యాం. మర్నాడు ఆటో ఎలక్ట్రీషియన్ కొత్త వైరు లాగి, రేకు బెజ్జానికి రబ్బరు వాషరు వేసి, ఫ్రిజ్‌కీ లైట్లకీ ఫ్యానుకీ వేర్వేరు ఫ్యూజులు పెట్టాడు.

మీ బండి డాష్‌బోర్డులో కూడా ఒక చిన్న డబ్బా పెట్టుకోండి. రంగుకి రెండేసి ఫ్యూజులు (ఎరుపు 10, నీలం 15, పసుపు 20), టేపు, రెండు వైరు ముక్కలు తగిలించిన ఇండికేటర్ బల్బు. ఫ్యూజు పోతే అదే రంగుది పెట్టండి. అదీ పోతే మూడోది పెట్టకండి, తప్పు వెతకండి. దొరక్కపోతే బ్యాటరీ విప్పేసి చీకట్లో పడుకోండి.

టెంపరరీ రిపేరులో ఫ్యాను వదులుకోవచ్చు, లైటు వదులుకోవచ్చు. కాపలావాణ్ణి మాత్రం ఇంటికి పంపకూడదు.