ఊపిరి లెక్కలు – 7: దుమ్ముకు దూరంగా ఎక్కడికి పోవాలి?



ఆయాసంతో ఆస్పత్రిలో చేరి బయటికొచ్చిన మనిషి చేతిలో పెట్టే కాగితం మీద ఒక మాట ఉంటుంది: "దుమ్ము, పొగకు దూరంగా ఉండాలి." ఏసీ గదిలో పనిచేసేవాళ్లకు అది సలహా. తెల్లవారుజామున నాలుగింటికి చీపురు పట్టే మనిషికి మాత్రం పని మానేయమన్న ఆర్డరు. మానేస్తే కూలి ఎవరిస్తారో ఆ కాగితంలో ఉండదు.

మా పెద్దమ్మ మున్సిపాలిటీలో కాంట్రాక్టు కార్మికురాలు. జీవితంలో బీడీ ముట్టలేదు. చిన్నప్పటి నుంచీ కట్టెల పొయ్యి, ఇరవై ఏళ్లకు పైగా రోడ్డు దుమ్ము, చెత్త కాల్చిన పొగ. సీఓపీడీ అని తేలినప్పుడు అందరూ అడిగింది ఒక్కటే: "పొగ తాగే అలవాటుందా?" పొగాకు ఈ జబ్బుకు పెద్ద కారణమే, కాదనను. మన వాడల్లో బీడీ మాన్పించడం మన పనే. కానీ జబ్బునంతా అలవాటు ఖాతాలో రాసేస్తే, కాంట్రాక్టరు ఖాతాలో ఏమీ మిగలదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2021లో ఈ జబ్బుతో సుమారు 35 లక్షల మంది చనిపోయారు. 70 ఏళ్లలోపు పోయినవాళ్లలో దాదాపు 90 శాతం పేద, మధ్యాదాయ దేశాలవాళ్లే.

ఈ జబ్బు ఏళ్ల తరబడి నెమ్మదిగా నడుస్తూ, ఉన్నట్టుండి ముదురుతుంది. జలుబు చేసినా, పొగ ఎక్కువైనా చాలు. మన ఇళ్లలో దాన్ని "చలికాలం దమ్ము" అని సరిపెట్టుకుంటారు. అలా సరిపెట్టుకోవద్దు. ఆస్పత్రిలో చేరాల్సినంతగా ముదిరిన ప్రతిసారీ తర్వాతి దాడికి దారి పడుతుంది. పోయిన శక్తి పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

హాస్టళ్లలో చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇవి మీ ఇంట్లో చెప్పండి. ఆయాసం మామూలుకన్నా పెరగడం, కళ్లె ఎక్కువవడం, దాని రంగు పచ్చగానో ఆకుపచ్చగానో మారడం: ఈ మూడూ హెచ్చరికలు. అప్పుడు వెంటనే పనిచేసే ఇన్‌హేలర్ పీల్చాలి. స్పేసర్‌తో పీలిస్తే మందు గొంతులో ఆగిపోకుండా ఊపిరితిత్తుల్లోకి బాగా చేరుతుంది. డాక్టరు అవసరమనుకుంటే స్టెరాయిడ్ బిళ్లలు సాధారణంగా 5 రోజులే ఇస్తారు. దమ్ము వచ్చినప్పుడల్లా ఆర్‌ఎంపీ దగ్గర స్టెరాయిడ్ సూది వేయించుకుంటూ పోతే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. యాంటీబయాటిక్ ప్రతిసారీ అక్కర్లేదు, ముఖ్యంగా కళ్లె రంగు మారినప్పుడే. పెదాలు నీలంగా మారినా, మాట పూర్తిచేయలేకపోయినా, మత్తుగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. ఆక్సిజన్ కూడా కొలిచే ఇవ్వాలి. ఈ రోగుల్లో చాలామందికి 88 నుంచి 92 శాతం మధ్య ఉంచుతారు, మితిమీరితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది.

ఇదంతా చేసి మనిషిని నిలబెట్టాక, మళ్లీ అదే చీపురు చేతికిస్తే ఏం సాధించినట్టు? నాకు తెలిసి దాడిని అదుపు చేయడమంటే దాడికి కారణాన్ని అదుపు చేయడం కూడా. 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టం వృత్తి జబ్బుల జాబితాలో రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ ఉండేది, పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్ ఉండేది. వీధులూడ్చే మనిషి సీఓపీడీ పేరు మాత్రం ఉండేది కాదు. ఊడ్చేది ఏ కులాలో అందరికీ తెలిసిన దేశంలో ఇది మరుపు అని నేననుకోను.

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బిళ్లలతో సరిపెట్టకుండా ఇన్‌హేలర్, స్పేసర్ ఏడాది పొడవునా ఇవ్వాలి. పారిశుద్ధ్య కార్మికులకు ఏటా ఊపిరి పరీక్ష చేయాలి, ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఉచితంగా వేయాలి. ఊడ్చే ముందు నీళ్లు చల్లాలి, చెత్త కాల్చడం ఆపాలి. జబ్బుపడ్డవాళ్లకు జీతం కోయకుండా సెలవు, తర్వాత దుమ్ములేని పని ఇవ్వాలి.

గాలి అందరిదీ అంటారు. మరి దుమ్ము కొందరిదే ఎందుకైంది? మీ ఊళ్లో కమిషనర్‌కి ఇచ్చే తర్వాతి వినతిపత్రంలో ఈ ప్రశ్న రాయండి.

జై భీమ్.