ఇంటర్‌లోనే డిగ్రీ క్రెడిట్లు, మన హాస్టల్ పిల్లలకి ఎందుకు వద్దు?

కొంచెం పెద్ద పోస్ట్, ఓపిక చేసుకుని చదవండి. ఇంటర్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు అయితే తప్పకుండా చదవండి.

మా రూంలో నలుగురం ఉండేవాళ్లం. నలుగురి ఇళ్లలోనూ మాకంటే ముందు డిగ్రీ గడప తొక్కినోళ్లు లేరు. మొదటి సెమిస్టర్‌లో ముగ్గురికి బ్యాక్‌లాగ్ పడింది. చదవక కాదు. క్రెడిట్ అంటే ఏంటి, ఇంటర్నల్ మార్కులు ఎట్లా వేస్తరు, అసైన్‌మెంట్ ఇంగ్లీషులో ఎట్లా రాయాలి, ఇవి అర్థమయ్యేసరికే పరీక్షలొచ్చేశాయి. అడుగుదామంటే నవ్వుతారని భయం. ఇంట్లో "బాగా చదువుతున్నావా బిడ్డా" అంటే "ఆ" అన్నాం. మాలో ఒకడు సంక్రాంతికి ఊరెళ్లి మళ్లీ రాలేదు. ఇప్పుడు మిర్చి కోతలకి పోతున్నాడు. ఇంటర్‌లో మా నలుగురిలో ఎక్కువ మార్కులు వాడివే.

అప్పట్నుంచి మాకు ఒకటే ఆలోచన. ఈ దెబ్బ డిగ్రీలో చేరాక కాకుండా, మన సార్లు, మన ఫ్రెండ్స్ పక్కనున్నప్పుడే, ఇంటర్‌లోనే ఒక్క డిగ్రీ పేపర్ చదివి ఉంటే?

ఇదేం వింత కోరిక కాదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 1985లోనే చట్టం చేసింది. అక్కడ 11, 12 తరగతుల పిల్లలు కాలేజీ కోర్సు చదవొచ్చు, ఫీజు, పుస్తకాల ఖర్చు ప్రభుత్వానిదే. ఆ కోర్సు స్కూల్లోనూ లెక్కకొస్తుంది, కాలేజీలోనూ లెక్కకొస్తుంది. మన దేశంలోనూ దారి కొంత వేసే ఉంది. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది. 2023లో వచ్చిన నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ స్కూలు చదువుకి కూడా క్రెడిట్లు లెక్కగట్టింది: ఏడాదికి 1200 గంటలు, 40 క్రెడిట్లు. అంటే 30 గంటలకి ఒక క్రెడిట్. కానీ మేం ఇంటర్‌లో ఉండగా ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు. మీకెవరైనా చెప్పారా?

రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇస్తే తప్ప ఇది కాగితం దాటదు. గిరిజన గురుకులాల్లో ఇంటర్ రెండో ఏడాది పిల్లలకి ఇంగ్లీషో, కంప్యూటరో ఒక్క డిగ్రీ పేపర్ పెట్టాలి. దగ్గర్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లెక్చరర్ వారానికి రెండ్రోజులొచ్చి చెప్పాలి, పరీక్ష అక్కడే పెట్టాలి. ఆ క్రెడిట్‌ని రాష్ట్రంలో ఏ యూనివర్సిటీ అయినా ఒప్పుకోవాల్సిందే అని జీవోలో రాసి ఉండాలి, లేకపోతే రేపు కౌంటర్ దగ్గర "మా దగ్గర చెల్లదు" అంటారు. ఇంకొకటి: పాసైతేనే రికార్డులోకి ఎక్కాలి. డిగ్రీలో చేరకముందే బ్యాక్‌లాగ్ మెడకేసుకుని పోవడం మనకొద్దు.

"స్వయంలో ఆన్‌లైన్ కోర్సులున్నాయి కదా" అంటారు. ఉన్నాయి, మంచివే. డిగ్రీ వాళ్లకైతే సెమిస్టర్‌కి 40 శాతం దాకా వాటినుంచి తీసుకోవచ్చని యూజీసీ రూల్ కూడా ఉంది. కానీ సిగ్నల్ కోసం గుట్టెక్కే పిల్లలకి ఒక లింకు ఇచ్చి చేతులు దులుపుకుంటే మాత్రం ఒప్పుకోవద్దు.

మా సీనియర్ అన్న ఒకాయన "ముందు ఇంటర్‌కే లెక్చరర్లు లేరు, మీరు డిగ్రీ పేపర్ అంటారేంట్రా" అని తిట్టాడు. అన్న మాట నిజమే, ఖాళీలు నింపమని కూడా అడగాల్సిందే. అయితే అవి నిండేదాకా ఆగుదామంటే ఇంకో పదేళ్లు పోతాయి. ఈలోపు ఈ అవకాశం పట్నం కార్పొరేట్ కాలేజీలకి ముందు చేరితే, ఇప్పటికే ముందున్నోళ్లు ఇంకో అడుగు ముందుకేస్తారు. అందుకే ఏజెన్సీ నుంచే మొదలుపెట్టమని అడుగుతున్నాం.

తెలుగులో ఒక పేజీ అర్జీ రాసి పెట్టాం. సోమవారం భద్రాచలం ఐటీడీఏ గిరిజన దర్బార్‌లో ఇస్తాం. తప్పులుంటే చెప్పండి, దిద్దుతాం. ఉట్నూరు, ఏటూరునాగారం వైపు వాళ్లు అక్కడి పీఓ గారికి ఇవ్వగలిగితే కింద మీ మండలం పేరు రాయండి, కాపీ పంపుతాం.