తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెడితే సరిపోతుందా?

ఎండాకాలం వచ్చిందంటే మన మిల్లుల్లో ఇది మామూలే. కంట్రోల్ ప్యానెల్ తలుపు బార్లా తెరిచి ఉంటుంది, ముందు ఓ టేబుల్ ఫ్యాన్ తిరుగుతుంటుంది. లోపలి మోటార్ డ్రైవ్ (అదేనండీ, అందరూ వీఎఫ్‌డీ అంటారే) వేడెక్కి ట్రిప్ అవుతోందన్నమాట. ఈ డ్రైవ్‌ల నుంచి డేటా తీసే సాఫ్ట్‌వేర్ రాయడమే నా ఉద్యోగం. నన్నడిగితే ఇది వైద్యం కాదు, జబ్బుని దాచిపెట్టడం.

లెక్క చూడండి. 75 కిలోవాట్ల డ్రైవ్ 97 శాతం సామర్థ్యంతో పనిచేసినా, ఫుల్ లోడ్‌లో 2 కిలోవాట్ల పైనే వేడిగా పోతుంది. బీరువాలో రెండు ఇస్త్రీపెట్టెలు ఆన్ చేసి తలుపేసినట్టు! చాలా డ్రైవ్‌ల పూర్తి రేటింగ్ 40 డిగ్రీల వరకే. ఆ 40 కూడా డ్రైవ్ చుట్టూ ఉన్న గాలిది, బయట చెట్టు నీడది కాదు. బయటే 44 ఉంటే లోపల సంగతేంటి?

పోనీ ఫ్యాన్ పెడితే? చల్లగాలితో పాటు దూది నూగు, ఊకదుమ్ము కూడా లోపలికెళ్లి హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకుంటాయి. వచ్చే నెల ఇంకా వేడి. పైగా 415 వోల్టుల సప్లై లోపల డీసీగా మారి 580 దాటుతుంది. ఆపేశాక కూడా కెపాసిటర్లలో కొన్ని నిమిషాలు ఛార్జ్ ఉంటుంది. తెరిచిన తలుపు పక్కన తిరిగేది మనం కాదు, కాంట్రాక్టు కుర్రాడు.

అసలు చూడాల్సినవి వేరు. మధ్యాహ్నమే ట్రిప్ అవుతుంటే ముందు గాలి దారి, ఫిల్టర్, కూలింగ్ ఫ్యాన్ చూడాలి. రాత్రి పొద్దుగుంకాక చల్లని డ్రైవ్ కూడా ఆన్ చేయగానే వేడి అంటోందంటే సెన్సర్ని అనుమానించాలి. కరెంటు పెరిగిందా? బేరింగులో, బెల్టులో ఏదో పట్టేస్తోంది. మోటార్ కూత తగ్గించడానికి ఎవరైనా క్యారియర్ ఫ్రీక్వెన్సీ పెంచారా? పెంచితే ఐజీబీటీలు ఎక్కువసార్లు స్విచ్ అవుతాయి, ఆ మేరకు వేడీ పెరుగుతుంది.

ఇవన్నీ వదిలేసి "మీ స్క్రీన్ మీద ఆటో రీసెట్ పెట్టెయ్యండి సార్" అంటారు. నేను పెట్టను. ట్రిప్ అయిన మెషిన్ బెల్టులో చెయ్యి పెట్టి చూస్తున్నవాడికి, అది దానంతటదే స్టార్టయితే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు కదా.

మనమేం తక్కువ తినలేదు లెండి. మెమరీ లీకుంటే రాత్రి రెండింటికి రీస్టార్ట్ చేసే స్క్రిప్టు, అలర్ట్ విసిగిస్తే థ్రెషోల్డు పెంచడం... అదే టేబుల్ ఫ్యాన్! తేడా ఒక్కటే: మన సర్వర్ పడిపోతే టికెట్ వస్తుంది, అక్కడ మనిషికి దెబ్బ తగులుతుంది.

కాబట్టి నాదొకటే మాట. ట్రిప్ ఎప్పుడు, ఏ లోడు మీద, ఎంత వేడిలో అయిందో రాసిపెట్టే స్క్రీన్ ఎన్నైనా చేసిస్తాను. కారణం చూడకుండా నొక్కే రీసెట్ బటన్ మాత్రం నా చేత్తో రాయను. మీరైతే రాస్తారా?