డబ్బా మీది పేరు బోల్టును బిగించదు

అమెరికాలో పాత షెవర్లే, ఫోర్డ్ ఇంజన్లు విప్పి, బలం పెంచి మళ్ళీ కట్టేవాళ్ళ మధ్య ఒక మాట వేదవాక్కులా చలామణీ అవుతోంది. ఇంజన్ లోపలికి వెళ్ళే ప్రతి బోల్టూ ఏఆర్‌పీ కంపెనీ వాళ్ళదే అయివుండాలట. సమ్మిట్, జెగ్స్ లాంటి విడిభాగాల దుకాణాలు సొంత పేరు ముద్రించి అమ్మే బోల్టులు నాసిరకమట, ముట్టుకోకూడదట. హ్యూస్టన్‌లోనో డెట్రాయిట్‌లోనో ఇంటి గరాజ్‌లో పాత కమారో కారు పెట్టుకుని శనాదివారాలు నూనె చేతులతో గడిపే మన తెలుగు కుర్రాళ్ళూ దీన్నే వల్లె వేస్తున్నారు. ఎందుకయ్యా అంటే ఒకటే జవాబు: "వేల డాలర్లు పోసి ఇంజన్ కట్టి, బోల్టుల దగ్గర కక్కుర్తి పడతారా?" వినడానికి బాగానే ఉంది. ఆ జవాబులో ఇంజన్ ధర ఉంది, మనిషి పిసినారితనం ఉంది, బోల్టు గురించి మాత్రం ఒక్క ముక్కా లేదు.

దుకాణాల తరఫున నేనేమీ వకాల్తా పుచ్చుకోలేదు. ఏఆర్‌పీ మంచి బోల్టులు చేస్తుంది. 1968లో కాలిఫోర్నియాలో గ్యారీ హోల్జాప్‌ఫెల్ మొదలుపెట్టిన ఆ సంస్థకు రేసుల్లో పేరు ఊరికే రాలేదు. నా తగాదా కొలతతో. బోల్టు నాణ్యత తేల్చడానికి డబ్బా మీది పేరు చూస్తే చాలనుకోవడం దగ్గరే అసలు చిక్కు.

నాసిరకం బోల్టులంటే ఉన్న ఈ భయానికి ఒక చరిత్ర ఉంది. ఎస్‌ఏఈ (అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం) ప్రమాణంలో గ్రేడ్ 8 బోల్టు తలమీద ఆరు గీతలు ఉంటాయి. మధ్యస్థ కార్బన్ మిశ్రమ ఉక్కు, చదరపు అంగుళానికి కనీసం 1,50,000 పౌండ్ల తెగుబలం. 1980లలో అవే ఆరు గీతలు వేసుకుని చవకైన బోరాన్ ఉక్కు బోల్టులు అమెరికా మార్కెట్లోకి కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. అసలు అవి గ్రేడ్ 8.2 సరుకు. మామూలు వేడిలో పరీక్షిస్తే నెగ్గుతాయి. వేడెక్కేకొద్దీ అసలు గ్రేడ్ 8 కన్నా ముందే మెత్తబడతాయి. జాన్ డింగెల్ నడిపిన కాంగ్రెస్ ఉపసంఘం దాన్ని తవ్వితీసింది, 1990లో ఫాస్టెనర్ క్వాలిటీ యాక్ట్ వచ్చింది. గ్రేడ్ గుర్తు వేయాల్సిన బోల్టు మీద బాధ్యుడి గుర్తు కూడా ఉండాలని, ఆ గుర్తు పేటెంట్ కార్యాలయంలో నమోదు కావాలని ఆ చట్టం చెప్పింది. ఆ బాధ్యుడు తయారీదారు కావచ్చు, తన పేరుతో అమ్మించుకునే పంపిణీదారూ కావచ్చు. అంటే సొంత ముద్ర దుకాణాన్ని చట్టం దొంగగా చూడలేదు, జవాబుదారుగా పెట్టింది. 1999 సవరణలో చట్టాన్ని కొంత సడలించారు, అది వేరే సంగతి. ఆ కుంభకోణంలో అబద్ధమాడింది దుకాణం పేరు కాదు, అందరూ నమ్మే ఆరు గీతలు. నమ్మకం ఎక్కడుంటే నకిలీ అక్కడే పుడుతుంది. ఎవరికీ తెలియని పేరును దొంగిలించే దొంగ ఉండడు.

ఇంకోటి. జనరల్ మోటార్స్ డబ్బాలో వచ్చే బోల్టును 'ఒరిజినల్' అని కళ్ళకద్దుకుంటాం. కార్ల కంపెనీలు చాలా బోల్టులను బయటి ఫ్యాక్టరీల దగ్గర కొంటాయి. చెన్నై సుందరం ఫాస్టెనర్స్ లాంటి సంస్థలు బతికేది ఆ వ్యాపారం మీదే. ఆ లెక్కన కంపెనీ డబ్బా కూడా సొంత ముద్ర డబ్బాయే. తేడా ఏమిటంటే, తీసుకునే ముందు ఉక్కు రకం, గట్టిదనం, మర కొలత ఇంత ఉండాలని కంపెనీ కాగితం రాసిస్తుంది. చూడాల్సింది ఆ కాగితం.

ఇక బిగింపు. పేరు పిచ్చి కప్పేసే అసలు విషయం ఇదే. 350 ఘనపుటంగుళాల షెవర్లే చిన్న వీ8 తీసుకోండి. ఒక్కో సిలిండర్ హెడ్‌కు 17 బోల్టులు, మర దగ్గర 7/16 అంగుళం లావు. 65 అడుగు-పౌండ్ల టార్క్ వేయాలని పుస్తకం చెబుతుంది. మనం వేసే ఆ టార్క్‌లో దాదాపు సగం బోల్టు తల కింద రాపిడికి పోతుంది, నలభై శాతం మరల్లో పోతుంది. బోల్టును లాగి హెడ్‌ను నొక్కిపట్టేది మిగిలిన పది శాతం. ఆ రాపిడి కాస్త మారితే పది శాతం తారుమారు. పొడి బోల్టుకు వాడే 0.2 టార్క్ గుణకంతో లెక్క కడితే 65 అడుగు-పౌండ్లకు వచ్చే బిగింపు సుమారు 4,000 కిలోలు. అదే బోల్టుకు జారుడు గ్రీజు రాసి గుణకాన్ని 0.13కి దించితే సుమారు 6,200 కిలోలు. గ్రేడ్ 8 బోల్టు ఆ దెబ్బకు శాశ్వతంగా సాగిపోయే హద్దుకు చేరుకుంటుంది. రెంచ్ మాత్రం రెండుసార్లూ ఒకేలా 'టక్'మంటుంది.

ఆ ఇంజన్‌లో హెడ్ బోల్టులు దాదాపు అన్నీ నేరుగా నీళ్ళ గదిలోకి దిగుతాయి. నీళ్ళు మరల వెంట పైకి రాకుండా వాటికి సీలెంట్ పూయాలి. కొందరు అన్నిటికీ ఇంజన్ ఆయిలే రాస్తారు, కొందరు కొన్నిటికి సీలెంట్, కొన్నిటికి ఏమీ రాయరు. ఒకే హెడ్ మీద పదిహేడు బోల్టులు పదిహేడు రకాల బిగువుతో కూర్చుంటాయి. తర్వాత హెడ్ గ్యాస్కెట్ పోతే తిట్లు తినేది దుకాణం బోల్టు.

"ఎక్కువ బలమున్న బోల్టు వేస్తే ఎక్కువ గట్టిగా పట్టుకుంటుంది కదా" అంటారు. పట్టుకోదు. అదే లావు, అదే రాపిడి, అదే 65 అయితే 1,50,000 బోల్టూ 2,20,000 బోల్టూ ఇచ్చే బిగింపు ఒకటే. బలమైన బోల్టు ఇంకా గట్టిగా బిగించుకునే అవకాశాన్ని మాత్రమే ఇస్తుంది. ఖరీదైన సెట్టు కొని పాత పుస్తకంలోని పాత అంకెకే బిగించినవాడు ఆ అవకాశానికి డబ్బు కట్టి, దాన్ని డబ్బాలోనే వదిలేసినట్టు.

విరిగిన బోల్టును జనం చదివే తీరు ఇంకా అన్యాయం. ఇంజన్ పగిలి, కనెక్టింగ్ రాడ్ బ్లాకు పక్కనుంచి బయటికొస్తే, ట్రేలో రెండు ముక్కల రాడ్ బోల్టు కనబడుతుంది. వెంటనే తీర్పు: బోల్టు నాసిరకం. ఆ విరిగిన ముఖాన్ని భూతద్దం కింద పెట్టి చూసేవాళ్ళు తక్కువ. ఒక అంచు నుంచి మొదలై లోపలికి, అలలు వెనక్కి పోతూ ఇసుక మీద వదిలిన గీతల్లా చారలుంటే అది అలసటతో విరిగింది. చాలాసార్లు దానికి మూలం చాలని బిగింపు. బిగువు తగినంత ఉంటే బయటి లాగుడులో కొద్ది వంతే బోల్టుకు తెలుస్తుంది. బిగువు తగ్గితే ప్రతి చుట్టుకూ మొత్తం లాగుడు దాని నెత్తిన పడుతుంది. అలా కాక మెడ సన్నబడి సాగి తెగివుంటే, ఒక్కసారిగా మించిన భారం పడిందన్నమాట. బేరింగ్ పట్టేసి రాడ్ మెలిపడినప్పుడు బోల్టు తెగేది అలాగే. అక్కడ బోల్టు నేరస్థుడు కాదు, రెండో బాధితుడు. మెడ సన్నబడకుండా, గరుకు గింజలతో పెళుసుగా విరిగివుంటే హైడ్రోజన్ చొరబడిందేమో అనుమానించాలి. నాసిరకం అనే నిందకు ఎక్కువగా ఆధారం దొరికేది ఈ మూడో రకంలో.

హైడ్రోజన్ సంగతి ఎత్తాను కాబట్టి చెబుతున్నాను, అది అంకెల మోజుకు మంచి మందు. బోల్టు గట్టిదనం పెరిగేకొద్దీ పెళుసుబారే ముప్పు కూడా పెరుగుతుంది. బాగా గట్టి బోల్టును ఆమ్లంలో కడిగి, మెరుపు కోసం విద్యుత్తుతో జింక్ పూత వేసి, తర్వాత ఓవెన్‌లో గంటల తరబడి కాల్చి హైడ్రోజన్‌ను తరమకపోతే, బిగించిన కొన్ని గంటలకో రోజులకో ఎవరూ ముట్టుకోకుండానే తల ఊడిపడొచ్చు. పేరున్న సంస్థల ఎల్19 మిశ్రమానికి చదరపు అంగుళానికి 2,60,000 పౌండ్ల బలం ఉంది. కానీ తేమ తగిలితే చాలు, చేతి చెమటైనా సరే, పాడవుతుంది కాబట్టి నూనెలోనే ఉంచమని తయారీదారే చెబుతాడు. వారాంతంలో వానలో తిప్పుకునే బండికి అది ఎందుకు?

దుకాణం బోల్టును అసలెలా తూచాలి? తలమీద గ్రేడ్ గుర్తూ బాధ్యుడి గుర్తూ రెండూ ఉన్నాయా చూడాలి. తల కింద మెడ నున్నని వంపుతో కలుస్తోందా, ఉలితో చెక్కినట్టు మూల తిరిగిందా అని గోటితో తడిమినా తెలుస్తుంది. వాషర్‌కు లోపలి అంచు ఏటవాలు ఉంటే ఆ వైపు తలకేసి ఉండాలి, లేకపోతే ఆ వంపునే కొరుకుతుంది. మరను కోసి చేశారా, రోల్ చేసి అచ్చొత్తారా అన్నది ఇంకా ముఖ్యం. కోసిన మర లోయలో పనిముట్టు గీతలు కనబడతాయి. రోల్ చేసినది నునుపుగా ఉంటుంది. హీట్ ట్రీట్‌మెంట్ అయ్యాక రోల్ చేసినదైతే అలసటకు ఇంకా బాగా ఓర్చుకుంటుంది. అనుమానముంటే సెట్‌లో ఒకదాన్ని మెషీన్ షాపులో రాక్‌వెల్ యంత్రం మీద గట్టిదనం చూపించుకోవచ్చు. మన దగ్గర 8.8, 10.9 అంకెలున్న హైటెన్సైల్ బోల్టులకూ ఇదే తూకం. భారత ప్రమాణం ఐఎస్ 1367లో వాటి హద్దులు రాసే ఉన్నాయి.

వాల్వ్ కవర్‌కు, ఆయిల్ పాన్‌కు పేరున్న పన్నెండు మూలల స్టెయిన్‌లెస్ సెట్టు కొనడం నగలు చేయించుకోవడమే. సరదా ఉంటే చేయించుకోండి, బలం పేరు చెప్పకండి. హెడ్‌కు, బలం అంకె, రాయాల్సిన గ్రీజు, దానికి తగిన టార్క్ మూడూ రాసిచ్చే దుకాణం సెట్టు నిక్షేపంగా సరిపోతుంది.

రాడ్ బోల్టు దగ్గర మాత్రం నేనూ మొండివాణ్ణే. అదే 350 ఇంజన్‌లో పిస్టన్, పిన్ను, రాడ్ పైభాగం కలిపి సుమారు 900 గ్రాములు అనుకుని నిమిషానికి 7,000 చుట్లకు లెక్క వేస్తే, పొగ వెళ్ళగొట్టి పిస్టన్ పైన వెనుదిరిగే క్షణంలో రాడ్‌ను లాగే బలం దాదాపు 2,800 కిలోలు. మోయాల్సింది రెండు బోల్టులు. 3,500 చుట్ల దగ్గర అది 700 కిలోలే, ఎందుకంటే వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది. ఇక్కడ టార్క్ రెంచ్‌ను నమ్మకూడదు. బోల్టు ఎంత సాగిందో రెండు కొసల మధ్య గేజ్ పెట్టి చూడాలి. 3/8 అంగుళం బోల్టు సాగాల్సింది సుమారు 0.006 అంగుళం, అంటే 0.15 మిల్లీమీటరు. ఎంత సాగాలో తయారీదారు చెప్పాలి. దుకాణం ముద్ర రాడ్ బోల్టుల డబ్బాలో ఆ అంకె లేకపోతే కౌంటర్ మీదే వెనక్కి ఇచ్చేయండి. పేరున్న డబ్బాలో ఆ అంకె ఉండీ, గేజ్ కొనకుండా రెంచ్‌తోనే బిగించే పెద్దమనిషికి దుకాణం బోల్టును వెక్కిరించే అర్హత లేదు.