ఊడలు నిలిపిన మఱ్ఱి

గొప్ప కథ యేదియు ఒక్క రూపముతో తృప్తినొందదు. భారతకథ యక్షగానమైనది, హరికథయైనది, తోలుబొమ్మలాటలో తెరపై నీడయై ఆడినది. వీనిని చిల్లర సరుకని తెలుగువారు త్రోసివేయలేదు. కాని నేటి టెలివిజన్ ధారావాహికలకు అనుబంధముగా వెలువడు శ్రవ్యనాటకములను, బొమ్మల కథలను విద్యావంతులు పలువురు తేలికగా చూచుచున్నారు. ఈ చూపు ఎంతవరకు న్యాయమో తెలిసికొనుటకు బ్రిటిషు ధారావాహిక 'డాక్టర్ హూ' చరిత్ర మంచి నిదర్శనము.

ఈ వైజ్ఞానిక కల్పనను బి.బి.సి. 1963 నవంబరు 23న ప్రారంభించినది. అన్యగ్రహవాసియగు ఒక సంచారి, నీలిరంగు పోలీసు పెట్టెవలె కనబడు వాహనమునెక్కి, కాలమునందును అంతరిక్షమునందును తిరుగుచుండును. దేహము శిథిలమైనపుడు అతడు క్రొత్త రూపము దాల్చును. 1966లో విలియం హార్ట్‌నెల్ స్థానమున పాట్రిక్ ట్రౌటన్ వచ్చుటకు ఈ కల్పనయే దారియైనది. ధారావాహిక పుట్టిన మరుసటి యేడే, 1964లో, 'టీవీ కామిక్' అను బాలల పత్రికలో దీని బొమ్మల కథ మొదలైనది. 1979లో దీనికే ప్రత్యేకముగా ఒక వారపత్రిక వెలసి, తరువాత మాసపత్రికగా మారినది.

1989లో ధారావాహిక ఆగిపోయినది. 1996లో పాల్ మెక్‌గాన్ నాయకుడుగా ఒక చిత్రము ప్రసారమైనను, దానిని కొనసాగించినవారు లేరు. మ్రాను ఎండినదనియే చాలమంది తలచిరి. అయినను పత్రికలో బొమ్మల కథ సాగుచునేయున్నది. 1999 జూలైలో 'బిగ్ ఫినిష్' అను సంస్థ 'ది సైరెన్స్ ఆఫ్ టైమ్' అను ధ్వనిముద్రిత నాటకమును వెలువరించినది. పూర్వనాయకులు పీటర్ డేవిసన్, కోలిన్ బేకర్, సిల్వెస్టర్ మెకాయ్ అందు తమ తమ పాత్రలనే ధరించిరి. 1986లో బి.బి.సి. నిర్ణయముచే తొలగవలసి వచ్చిన కోలిన్ బేకర్, ఈ నాటకములలో తన పాత్రను తీరికగా తీర్చిదిద్దుకొనగలిగెను. 2001 నుండి మెక్‌గాన్ సైతము ఇందు చేరెను.

ఈ అనుబంధ శాఖల బలమునకు కారణము వాని పేదరికమే. ఒక గ్రహమును తెరపై చూపుటకు రంగాలంకరణము, దీపములు, విశేష ధనము కావలెను. శ్రోతకు గాలి హోరు, ఇనుప తలుపు మూతపడిన చప్పుడు చాలును. తక్కిన లోకమును అతడే నిర్మించుకొనును. చిత్రకారునికి కాగితము, సిరా ఉన్న చాలును. వ్యయము స్వల్పమైనచోట నష్టభయము స్వల్పము. భయము తగ్గినచోట రచయిత సాహసించును.

ఆ సాహసఫలము మూలమునకే దక్కినది. డాలెక్ అను యంత్రకవచధారియగు శత్రువును ఒంటరి బందీగా చూపి, బంధించినవారి క్రౌర్యమును ప్రశ్నించిన నాటకము 'జూబిలీ'. రాబర్ట్ షియర్మన్ వ్రాసిన ఇది 2003లో వెలువడినది. 2005లో ధారావాహిక పునరుద్ధరింపబడినపుడు ఆ భావమునే ఆయన 'డాలెక్' అను భాగముగా మలచెను. 2013లో బి.బి.సి. వెలువరించిన ఒక చిన్న చిత్రములో మెక్‌గాన్ తన శ్రవ్యనాటకములలోని సహచరుల పేర్లను స్మరించెను. పాట్ మిల్స్, డేవ్ గిబ్బన్స్ 1980లో కల్పించిన 'స్టార్ బీస్ట్' బొమ్మల కథ 2023లో, అరువదేండ్ల పండుగ సందర్భమున, తెరకెక్కినది. ఆ ఇరువురి పేర్లును తెరపై ప్రకటింపబడుట ఉచితముగా నున్నది.

ఇందు దోషములు లేకపోలేదు. నాటకములు వందల సంఖ్యలో పేరుకొన్నవి. క్రొత్త శ్రోతకు ఎక్కడ ప్రారంభింపవలెనో తోచదు. ఒక కథ తెలియనిదే మరియొక కథ అర్థము కాని సందర్భములు గలవు. పాత పాత్రలను మరల మరల కలుపుటయే కథ కాజాలదు. అది జ్ఞాపకమును అమ్ముకొనుటయే.

2025 అక్టోబరులో, డిస్నీ సంస్థతోడి భాగస్వామ్యము ముగిసినదని బి.బి.సి. ప్రకటించినది. టెలివిజన్‌లో ఈ కథ భవిష్యత్తునుగూర్చి మరల సందేహములు పుట్టినవి. ఇట్టి వేళ శాఖల బాధ్యత మరింత పెరుగును. విద్యార్థి చేతిలో బొమ్మల కథ కనబడినపుడు ఉపాధ్యాయుడు దానిని లాగికొనుటకు ముందు, అది చదువరిచేత ఏమి ఊహింపజేయుచున్నదో విచారించుట మేలు. రచయితలకును ఒక హెచ్చరిక గలదు. ఊడ నేలను తాకిననే మ్రానై మఱ్ఱిని మోయును. గాలిలో వ్రేలాడునంతకాలము అది త్రాడు మాత్రమే. కథకు ఆ నేల క్రొత్త శ్రోతయే.