నీళ్లడగని ముంగిలి

ఇది వినాయక చవితి సంచిక. గణపతికి ఇష్టమైన గరికే డాలస్‌లో మన ఇళ్ల ముందు బెర్ముడా గ్రాస్ పేరుతో పరుచుకుని ఉంది. పూజకు గుప్పెడు చాలు. మిగతాదాని కోసం జూలై ఎండల్లో స్ప్రింక్లర్లు తిప్పడం, ఎరువు చల్లడం, వారం వారం కోయడం ఇక మానుకుందామని ఈసారి గట్టిగా చెప్పదలిచాం. అమెరికా ఇళ్లలో వాడే నీటిలో దాదాపు మూడో వంతు పచ్చికకూ పెరటి మొక్కలకూ పోతోందని ఈపీఏ లెక్క. కరువు సీమ నుంచి వచ్చిన మనకు ఆ లెక్క గుచ్చుకోవాలి.

ఇడుపులపాయ దగ్గర పాపాఘ్ని శేషాచలం కొండల్ని చీల్చుకుని పారే గండిని తలుచుకోండి. కడప జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 700 మిల్లీమీటర్లు. అయినా అక్కడి గుట్టల మీద తంగేడు, రేగు, బులుసు, కలివి ఎవరూ చెంబెడు నీళ్లు పోయకుండానే బతుకుతాయి. ఆ చిట్టడవిని ఉత్త కంప అని తీసిపారేయకూడదు. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది కడప జిల్లా ముళ్లపొదల్లోనే.

డాలస్ చుట్టూ చాలాచోట్ల నేల కూడా జమ్మలమడుగు పొలాల్లో ఉన్నటువంటి నల్లరేగడే. వేసవి వస్తే నెర్రెలు విచ్చుతుంది. గరికను వదిలించుకునే ఉపాయమూ మన రైతు దగ్గరిదే. కోస్తే అది పోదు. వేసవి దుక్కి దున్ని, పైకి తేలిన వేళ్లను ఏరి ఎండకు మాడుస్తారు. ఒక్క కణుపు మిగిలినా మళ్లీ పాకుతుంది మరి. ఇక్కడ నాగలి లేదు కాబట్టి పచ్చికను పొట్టిగా కోసి, నేల బాగా తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా పరిచి అంచులు మట్టితో మూసేయండి. ఆరు వారాల నడివేసవి ఎండకు చాలావరకు చస్తుంది. మిగిలింది పలుగుతో తవ్వాల్సిందే.

అక్టోబరులో టెక్సస్ నేలకు అలవాటైన సేజ్, సాల్వియా వేసుకోండి. బఫెలో గ్రాస్ మాత్రం వసంతం చివర్లో వేసుకోండి. మొదటి ఏడాది నీళ్లు తప్పవు. ఊరి నుంచి విత్తనాలు మాత్రం తేవద్దు. అమెరికా ఖండం నుంచి వెళ్లిన సర్కారు తుమ్మ మన చెరువుల్ని ఎలా మింగిందో చూశాం కదా. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోదని భయపడేవారికి ఒక మాట: కరువును తట్టుకునే మొక్కల్ని అది పూర్తిగా నిషేధించకుండా టెక్సస్ 2013లోనే చట్టం చేసింది. ప్లాన్ గీసి అనుమతి అడగండి.

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివి ఇక్కడ స్థిరపడిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, పులివెందుల, ప్రొద్దుటూరు పెద్దలకు మా విన్నపం. ఊళ్లో బడికో గుడికో విరాళం పంపేటప్పుడు లాన్ కోసం పంపకండి. వేప, కానుగ, తంగేడు నాటమనండి. తొలి రెండు వేసవులు వాటికి నీళ్లు పోసే మనిషి కూలి కూడా కలిపి పంపండి.